ఆవూదూడ నుంచి సైకిల్ దాకా: ఒక బోర్డు ఆర్టిస్టు అనుభవ పాఠాలు

నాకు డెబ్బై ఒకటి నడుస్తున్నది. దేవరకొండల బోర్డులు రాసిన, గోడలు రాసిన, ఇప్పుడు ఇంట్ల కూసుని బొమ్మలేస్తున్న. ఏ ఎగ్జిబిషన్ దరఖాస్తు చేతికొచ్చినా అందుల రెండు గడులుంటయి. ఒకటి 'విద్యార్హత', ఇంకోటి 'ఎవరి వద్ద నేర్చుకున్నారు'. చాన ఏండ్లు మొదటి గడిల అడ్డగీత గీసిన, రెండోదాంట్ల 'స్వయంగా' అని రాసిన. ఇరవై అడుగుల నిచ్చెన మీద వణకని చెయ్యి ఆ చిన్న అడ్డగీత కాడ వణికేది.

మా దేవరకొండ, కల్వకుర్తి, అచ్చంపేట దిక్కు బొమ్మలేసే పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొస్తరు. "కాలేజీల చదవలేదు గద తాతా, మమ్మల్ని ఎవరన్న లెక్కల పెడ్తరా?" అని అడుగుతరు. ఒక్క మాటల చెప్పే జవాబు కాదది. నాకు తెలిసింది తొమ్మిది మాటలల్ల రాస్తున్న.

1. గురువు లేనోడు ఎవ్వడూ లేడు

మా నాయన మేరోడు. బట్ట మీద సుద్దబిళ్ళతోని గీత గీస్తె, కత్తెర ఆ గీత మీదనే పోవాలె. గీత తప్పితె బట్ట పాయె, బట్ట తెచ్చినోడు ఊకోడు. అందుకే గీసే ముందు నాయన వేలితోని గాలిల ఒకసారి గీసుకునెటోడు. ఇప్పటికీ కుంచె పెట్టే ముందు నేను గాలిల ఒకసారి గీసుకుంట. ఇది నాయన నుంచి వచ్చిందని నాకు యాభై ఏండ్లు దాటినంక గాని తట్టలే.

పదిహేడో ఏట సినిమా బ్యానర్లు రాసే ఒక పెద్దాయన దగ్గర రంగు డబ్బాలు మోసిన. 'ఇట్ల చెయ్యి' అని ఆయన ఒక్కనాడు చెప్పలే. 'అడ్డం జరుగు, ఎలుతురు పోతున్నది' అని మాత్రం రోజుకు పదిసార్లు కసిరెటోడు. జరిగి జరిగి, ముఖం మీద వెలుతురు ఎటునుంచి పడ్తె ముక్కు నీడ ఎటు పోతదో నాకు తెలిసింది.

నల్లగొండకు రంగులు కొననీకి పోయినప్పుడల్ల పానగల్లు పోయేది. అక్కడి పచ్చల సోమేశ్వరాలయం గోడల మీద రామాయణ, భారత కథలు చెక్కిన రాతి పట్టీలున్నయి. కుందూరు చోడుల కాలపు గుడి. జానెడు ఎత్తు పట్టీల అంతమంది మనుషులుంటరు, అయినా ఒకరి కాలు ఇంకొకరు తొక్కరు. చిన్న బోర్డు మీద పెద్ద సంగతి ఎట్ల పట్టియ్యాలెనో ఆ రాళ్ళ ముందట కూసునే నేర్చుకున్న. చెక్కినాయన పేరు తెల్వదు. గురుదక్షిణ ఎవరికియ్యాలె?

'స్వయంగా నేర్చుకున్న' అంటె ఎవ్వరూ నేర్పలేదని కాదు. నేర్పుతున్నమని తెల్వకుంటనే నేర్పినోళ్ళు మస్తుమంది ఉన్నరని.

2. గోడ పెట్టే పరీక్ష ఏ కాలేజీ పెట్టది

1971 పార్లమెంటు ఎన్నికలకు మొదటిసారి గోడ రాసిన. అప్పుడు ఇందిరమ్మ కాంగ్రెసు గుర్తు ఆవూదూడ. ఆవు మెడ వంపు రాక మూడు గోడలు ఖరాబు చేసిన. నాలుగో గోడకు పోయే ముందు మా వాడకట్టు ఆవును పొద్దుందాక చూసుకుంట కూసున్న. ఆవు తల ఎత్తితె మెడ కింద గంగడోలు ఎట్ల ఊగుతదో అప్పుడు కండ్ల పడ్డది.

నల్లగొండంటె ఎర్రజెండాల జిల్లా. 1952ల రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటె ఎక్కువ ఓట్లతోని పార్లమెంటుకు పోయిన జాగ. అందుకని ఒక పార్టీ కంకి కొడవలి, ఇంకో పార్టీ సుత్తి కొడవలి నక్షత్రం లేని ఊరు మాకు దొరకదు. కొడవలి ఒక్క గుంజుల రావాలె. నడిమిట్ల ఆగి మళ్ళ కుంచె పెడితె అతుకు కనవడ్తది, వంపు విరుగుతది. ఊపిరి బిగవట్టి ఒకే తీరుగ చెయ్యి తిప్పుడు కొడవలి నుంచే వచ్చింది.

1978 ఎన్నికల కాడికి ఇందిరమ్మ గుర్తు హస్తమైంది. చెయ్యి గీసుడు అన్నిటికంటె కష్టం. వేళ్ళన్నీ ఒక్క పొడుగు పెడితె అరటిగెల లెక్కుంటది. బొటనవేలు అరచేతిల ఎక్కడ మొదలైతదో తెల్వకుంటె అది చెయ్యి కాదు, చేతి తొడుగు. 1983ల ఎన్టీ రామారావు తెలుగుదేశం సైకిల్ వచ్చింది. గోడకు మేకు కొట్టి, దారం కట్టి, దారం కొసకు సుద్దముక్క కట్టి చక్రం తిప్పేది. చక్రం సులువే. రెండు చక్రాలు ఒక్క నేల మీద నిలబడ్డట్టు కనవడుడు కష్టం.

కాలేజీలల్ల అనాటమీ, పర్‌స్పెక్టివ్ అని క్లాసులుంటయట. నాకు జంతువునూ మనిషి చేతినీ ఇందిరమ్మ నేర్పింది, వంపును కమ్యూనిస్టులు నేర్పిన్రు, చక్రాన్ని రామారావు నేర్పిండు. ఎవరికి ఓటేసిన్నో మాత్రం అడగకున్రి.

పరీక్షకుడు కూడా ఉండె. ఆర్టీసీ డ్రైవర్ ఒకాయన బస్సు దిగొచ్చి, "నీ మకూ యకూ తేడా తెలుస్తలేదు పటేలా, చదివేలోపు బస్సు దాటిపోతున్నది" అన్నడు. మర్నాడే పోయి అక్షరాల నడుమ సందు పెంచిన. గ్యాలరీల బొమ్మ బాగలేకున్నా చాయ్ తాగుకుంట 'బాగున్నది' అంటరు. బస్సుకు ఆ మొహమాటం లేదు.

3. రానిది రాదని ఒప్పుకో

మాలాంటోళ్ళకు తెలివి ఎంతున్నదో రంధ్రాలు కూడా అన్నే ఉంటయి. నావి చెప్త.

ఎనభైలల్ల హైదరాబాదుల పదిమంది కలిసి పెట్టిన ఎగ్జిబిషన్ల నా బొమ్మలు మూడు పెట్టిన. ఒకటి అమ్ముడువోయింది. రెండెండకాలాలు దాటినంక కొన్నాయన కార్డు ముక్క రాసిండు: 'మీ బొమ్మ ఎండిన చెరువు లెక్క పగిలింది.' నిజమే. కింద ఏ పూతా లేకుంట ఉత్త హార్డ్‌బోర్డు మీద బోర్డులకు వాడే ఎనామెల్ రంగు పూసిన. దుకాణం బోర్డు మూడేండ్లుంటె చాలు, నాలుగో ఏడు సేటు మళ్ళ రాయిస్తడు. బొమ్మ నా కంటె ఎక్కువ బతకాలె. ఆ తేడా నాకు ఎవరూ చెప్పలే, నేనూ అడగలే. పైసలు వాపసిచ్చిన. బొమ్మ ఇప్పటికీ మా ఇంటి గోడకున్నది, పగుళ్ళతోనే.

అటెంక చేర్యాలల పటం గీసే నకాషీలు బట్టను ఎట్ల తయారు చేస్తరో పోయి చూసిన. చింతగింజల గంజి, తెల్లమట్టి, జిగురు. పూత మీద పూత. ఆరినంకనే ఎర్ర రంగు. బొమ్మ కనవడ్తది గాని దాని కింది పూత కనవడది. బొమ్మను నిలవెట్టేది అదే.

ముప్పై నాలుగేండ్లప్పుడు డ్రాయింగ్ లోయర్ గ్రేడు, తర్వాత హయ్యర్ గ్రేడు పరీక్షకు కూసున్న. నేను గదిలకు రాంగనే పిల్లలందరు పరీక్ష సారు అనుకొని లేచి నిలబడ్డరు. నేను పోయి వాళ్ళ పక్క బల్లల కూసుంటె ఒకటే నవ్వు. సిగ్గు అయింది గాని ఆ పరీక్షకు చదువుకుంటనే దూరం పోయే గీతలు ఒక్క బిందువుల ఎందుకు కలుస్తయో అర్థమైంది. ఎవరూ నేర్పలేదనేది గొప్పా కాదు, లోటూ కాదు. నేర్చుకోను అనుడు లోటు.

4. పరంపర వేరు, సొంతంగ నేర్చుడు వేరు

పట్టా లేనోళ్ళందర్ని ఒక్క గాటన కడ్తరు. అది తప్పు.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటల దర్శనం మొగులయ్య ఉన్నడు. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ పాడుతడు. 2021ల భీమ్లా నాయక్ సినిమా పాటతోని ఆ గొంతు లోకమంత విన్నది, 2022ల పద్మశ్రీ వచ్చింది. నారాయణపేట జిల్లా దామరగిద్దల దాసరి కొండప్ప ఉన్నడు. బుర్రవీణ మీద తత్త్వాలు పాడుతడు, 2024ల పద్మశ్రీ. ఇసొంటోళ్ళ గురించి 'చదువు లేకున్నా, ఎవరూ నేర్పకున్నా' అని రాసుడు వింటుంట. ఎవరూ నేర్పకుంటె సొరకాయ బుర్ర ఎంత ఎండాలె, వెదురు ఎంత పొడుగుండాలె, మెట్టు ఎక్కడ నిలవాలె అనేది ఎట్ల తెలుస్తది? దాని వెనుక తండ్రి ఉన్నడు, తాత ఉన్నడు, వాళ్ళ వెనుక ఊరూరూ తిరిగిన కాళ్ళున్నయి. 'తనంతట తనే' అన్నమంటె వాళ్ళందర్నీ కొట్టేసినట్టే.

నా సంగతి వేరు. మా ఇంట్ల సూది ఉండె, కుంచె లేకుండె. నేను సున్న నుంచి మొదలువెట్టిన.

ఈ తేడా ఎందుకు చెప్తున్ననంటె, రెంటికీ కావల్సిన మందు వేరు. పరంపర ఉన్నోనికి తన తర్వాత పట్టుకునే పిల్లగాడు కావాలె. ఆ పిల్లగానికి నెల నెలా కడుపు నిండే ఏర్పాటు కావాలె. సొంతంగ నేర్చినోనికి పుస్తకం కావాలె, మంచి రంగు కావాలె, మొహమాటం లేకుంట తప్పు చెప్పే కన్ను కావాలె. ఒకనికి భయం, తనతోనే తెగిపోతదేమోనని. ఇంకొకనికి భయం, అందరికీ తెలిసిందే తను మళ్ళ కనుక్కుంటున్నడేమోనని.

5. 'బయట' ఎవరికి బయట?

ఫ్రాన్స్‌ల జాన్ దుబుఫే అనే చిత్రకారుడు 1945ల బడిల నేర్వనోళ్ళ కళకు 'ఆర్ట్ బ్రూ' అని పేరు వెట్టిండు, అంటె పచ్చి కళ. 1972ల రోజర్ కార్డినల్ అనే ఇంగ్లీషాయన పుస్తకం రాసి 'అవుట్‌సైడర్ ఆర్ట్' అన్నడు. బయటోళ్ళ కళ. ఆ మాట వల్ల మేలు జరిగింది, కాదన. చూసేటోళ్ళు లేని చాన బొమ్మలకు మ్యూజియంల జాగ దొరికింది.

గాని నాకొక అనుమానం. దేవరకొండ బస్టాండు కాడ పిల్ల నుంచి ముసలిదాక అందరు నా అక్షరం చదివిన్రు. పెండ్లికి, ఓటుకు, పత్తి గింజలకు, పంచాంగానికి నా కుంచె ఉన్నది. మరి నేను ఎవరికి బయటోణ్ణి? మా ఊరోళ్ళకైతె మాదాపూర్ గ్యాలరీనే బయట.

నేక్‌చంద్ కథ అందరికీ తెలిసిందే. చండీగఢ్‌ల రోడ్డు ఇన్‌స్పెక్టరు. ఆర్కిటెక్టు కార్బుసియే గీసిన నక్షా ప్రకారం నగరం లేస్తుంటె, దానికోసం కూలగొట్టిన ఊర్ల పెంకులు, పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు ఏరుకొచ్చి సర్కారు అడవి జాగల దొంగచాటుగ బొమ్మల రాజ్యం కట్టిండు. 1957ల మొదలువెడితె చాన ఏండ్ల దాక అధికారులకు తెల్వదు. తెలిసినంక కూలగొడ్తరనుకున్నడు, జనం ఎగబడి చూసుడుతోటి 1976ల రాక్ గార్డెన్ అని తెరిచిన్రు. 1984ల పద్మశ్రీ ఇచ్చిన్రు. అందరు ఆయన గొప్ప చెప్తరు, నేను జనం గొప్ప చెప్త. గార్డెన్‌ను నిలవెట్టింది విమర్శకుడు కాదు, పిల్లల్ని సంకనేసుకొని చూడనీకి వచ్చినోళ్ళు.

6. పేపరు పేజీ మా గ్యాలరీ

మాలాంటోళ్ళకు తలుపు తెరిచింది ఎక్కువగ అచ్చు. బాపు వకీలు చదువు చదివిండు, బొమ్మలతోని బతికిండు. వడ్డాది పాపయ్య శ్రీకాకుళంల నాయన దగ్గర నేర్చుకొని చందమామ ముఖచిత్రాలతోని ప్రతి ఇంటికి పోయిండు. మా దిక్కు చూస్తె, సూర్యాపేట నుంచి కార్టూనిస్టు శేఖర్, 2014ల పోయిండు. నల్లగొండ పామర్తి శంకర్ గీసిన మండేలా ముఖానికి అదే ఏడు పోర్చుగల్‌ల వరల్డ్ ప్రెస్ కార్టూన్ గ్రాండ్ ప్రి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వ చిహ్నం గీసిన ఏలే లక్ష్మణ్‌ది మా పాత జిల్లా కదిరేనిగూడెం.

వీళ్ళల్ల కాలేజీకి పోయినోళ్ళున్నరు, పోనోళ్ళున్నరు. పేపరు పేజీ ఆ లెక్క అడగలే. సాయంత్రం ఏడు లోపల బొమ్మ వచ్చిందా లేదా అన్నదే అడిగింది. రోజూ ఒక గడువు, రోజూ ఒక తప్పు, తెల్లారి వేలమంది కండ్ల ముందట. అంతకు మించిన బడి లేదు. ఇప్పుడు పిల్లలకు ఫోన్ ఉన్నది. నెలకొక గొప్ప బొమ్మ పెట్టేకంటె రోజుకొక మామూలు బొమ్మ పెట్టున్రి.

7. మిషన్ మీద కోపం వెట్టుకోకు

రెండు వేల సంవత్సరం దాటినంక మా దిక్కు ఫ్లెక్స్ వచ్చింది. అంతకు ముందే శేషన్ ప్రధాన ఎన్నికల కమిషనర్ అయినంక గోడ రాతల మీద కట్టడి పెరిగింది. నేను రెండు రోజులు రాసే బోర్డు మిషన్ల నుంచి పావుగంటల రంగురంగుల బయటికొచ్చింది, సేటు ఫోటోతో సహ. నాతోని రాసినోళ్ళల్ల ఒకాయన ఆటో తోలిండు, ఒకాయన ఇండ్లకు సున్నం కొట్టనీకి పోయిండు. నేనూ మూడేండ్లు ఆ మిషన్‌ను తిట్టిన.

అప్పుడే ఆలేరు కాడి శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి విన్న. చిటికి చీర నేయాలంటె ముందు ఆసు పోయాలె. అర్ధచంద్రం లెక్కున్న చట్రం మీద మేకుల చుట్టు దారం తిప్పుడు. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు, తొమ్మిది వేలదాక, అటూ ఇటూ పోవాలె. ఆ పని ఇంటి ఆడోళ్ళది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక, ఆరో తరగతి కాడ బడి మానేసిన ఆ బిడ్డ ఏండ్ల తరబడి కొట్లాడి 1999ల ఆసు మిషన్ చేసి తల్లి పేరే పెట్టిండు. 2017ల పద్మశ్రీ వచ్చింది. ఏ ఇంజినీరింగ్ కాలేజీ ఆయనకు నేర్పలే. తల్లి భుజం నేర్పింది.

ఒక మిషన్ నా చేతి పని తీసుకున్నది, ఒక మిషన్ ఇంకొకరి చేతి నొప్పి తీసుకున్నది. మిషన్‌ల తప్పు లేదు. ఏ పని మిషన్‌కియ్యాలె, ఏది చేతిల ఉంచుకోవాలె అని ఎంచుకునుడుల ఉన్నది కథ. మల్లేశం దారం తిప్పుడు మిషన్‌కిచ్చిండు. చీర మీద ఏ పువ్వు పూయాలెనో నేతకార్ల దగ్గర్నే ఉంచిండు. నేను కూడా సేట్ల ఫోటోలు ఫ్లెక్స్‌కిడిసిపెట్టి, నాకు నచ్చిన మనుషుల్ని గీసుడు మొదలువెట్టిన. చేతి పని పోయింది, చెయ్యి పోలే.

8. పైసల మాట ముందుగాల మాట్లాడు

బోర్డు పనిల లెక్క సాఫ్: అడుగుకు ఇంత, అడ్వాన్సు ఇంత, బోర్డు ఎక్కించినంక మిగిలింది. కళ అనంగనే మనమే నోరు మూసుకుంటం. ఒక గ్యాలరీకి ఐదు బొమ్మలు కాయితం లేకుంట ఇచ్చిన. రెండు వాపసొచ్చినయి, మూడింటి సంగతి ఇప్పటికీ తెల్వదు. తప్పు సగం నాది. బోర్డుకైతె చీటీ రాయించుకునెటోణ్ణి, బొమ్మకు సిగ్గుపడ్డ. బొమ్మ ఇచ్చే ముందు రేటు, వాళ్ళ కమీషన్, వాపసిచ్చే తారీఖు రాయించుకోన్రి.

సన్మానాలు జరుగుతయి, శాలువాలు కప్పుతరు. మా ఇంట్ల ఇరవై రెండున్నయి. పాలమూరు, నల్లగొండ ఎండలకు శాలువా ఎవడు కప్పుకుంటడు? మా ఇంటామె దిండు గలీబులు కుట్టింది, పని బాగ చేస్తున్నయి.

ఇంకో మాట. పిలిచినోళ్ళు మంచోళ్ళే అయినా ఒంటిగ దూరం పోకున్రి. మధ్యప్రదేశ్ పటన్‌గఢ్ గోండు పిల్లగాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటి గోడ మీది బొమ్మ చూసి భోపాల్ భారత్ భవన్‌కు తోలుకపోయిన్రు. 1989ల ప్యారిస్ ఎగ్జిబిషన్ల ఆయన బొమ్మలున్నయి. 2001ల జపాన్ మ్యూజియంల పని చేయనీకి పోయి, అక్కడే ప్రాణం తీసుకున్నడు. నలభై ఏండ్లు నిండలే. తలుపు తెరిచెటోళ్ళు తోడు కూడా పంపాలె.

సాయం ఎప్పుడు రావాలెనో పాలమూరు పిల్లలమర్రి చూస్తె తెలుస్తది. ఏడు వందల ఏండ్ల చెట్టు అంటరు. చెదలు తిని కొమ్మలు కూలుతుంటె 2018ల సెలైన్ బాటిళ్ళు వేలాడదీసి, బొట్టు బొట్టుగ మందు ఎక్కించిన్రు. చెట్టు నిలబడ్డది, సంతోషం. మందు ముందుగాలనే పోస్తె బాటిళ్ళ అక్కరే ఉండకపోయేది. కళాకారునికి కూడా అరవై దాటినంక ఇచ్చే పింఛనుకంటె ఇరవైల ఇచ్చే రంగుల డబ్బా అగ్గువ.

9. మూలకు పేరు రాయి

బోర్డు రాసినోడు కింద కుడి మూలకు చిన్న అక్షరాలల్ల తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని, ఊరు పేరు రాసుకుంటడు. సేటు దానికి పైసలియ్యడు, అడ్డం కూడా చెప్పడు. ఆ రెండంగుళాలు మాది. నేను చాన ఏండ్లు అక్కడ నా పేరొక్కటే రాసిన.

పిల్లలమర్రి కింద నిలబడి తల్లి మాను ఏదో కనుక్కోనీకి నేను మస్తుసార్లు చూసిన. దొరకది. ఊడలు భూమిల దిగి మానులైనయి. ఏది ఎవరి నుంచి వచ్చిందో చెప్పలేం. నా చెయ్యి కూడా గట్లనే తయారైంది.

పోయిన ఏడు మళ్ళ ఒక ఎగ్జిబిషన్ దరఖాస్తు వచ్చింది. 'విద్యార్హత' గడిల ఈసారి గీత గీయలే. ఆవూదూడ, కంకి కొడవలి, సుత్తి కొడవలి నక్షత్రం, హస్తం, సైకిల్ అని రాసిన. 'ఎవరి వద్ద నేర్చుకున్నారు' గడిల నాయన పేరు, బ్యానర్ల పెద్దాయన పేరు రాంగనే జాగ అయిపోయింది. కాయితం తిప్పి ఎనుక పానగల్లు రాళ్ళు, చేర్యాల పటాలోళ్ళు, పేరు అడగడం మర్చిపోయిన ఆర్టీసీ డ్రైవర్ అని రాసిన.

ఆఫీసు నుంచి ఒక పిల్ల ఫోన్ చేసింది. "తాతా, ఎనుక వైపు రాసింది కంప్యూటర్ల ఎక్కదు" అన్నది.

"ముందటిది ఎక్కించు బిడ్డా," అన్న, "ఎనుకటిది చదువుకో."